ఫోన్‌కి తెలియని లోవ

ఉప్పాడ అంగన్‌వాడీలో ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని ఆడిస్తున్న వెంకటరత్నం టీచరుకి నోరే ఆస్తి. పాట పాడాలన్నా, అల్లరి ఆపాలన్నా దానితోనే. హాజరుకి పిల్లల ముఖాలు ఫొటో తియ్యమని యాప్ వచ్చినప్పట్నుంచి ఆ నోటికి ఇంకో మాట అలవాటైంది. "కదలకండర్రా! ఫోన్‌కి అన్నీ తెలుసు!" అనేది. పిల్లలు బిక్కచచ్చి కూర్చునేవారు. ఆవిడకి అదీ ముచ్చటగానే ఉండేది, ఎందుకుండదు?

ఆ మంగళవారం నాలుగేళ్ల లోవలక్ష్మి నున్నటి గుండుతో వచ్చింది. తలుపులమ్మ తల్లికి తలనీలాల మొక్కు తీర్చుకొచ్చారట. టీచరు ఫోన్ ఎత్తింది. ముఖం సరిపోలడం లేదంది యాప్. పిల్లని వెలుగులోకి తిప్పింది, గడ్డం పైకెత్తింది, మళ్లీ తీసింది. ఊహూ.

"అయితే ఇది లోవ కాదు టీచరుగారూ," అన్నాడు పక్కన కూర్చున్న ఐదేళ్ల ఫిన్నీ. వేళాకోళానికి కాదు, నమ్మే అన్నాడు.

"నోర్ముయ్యరా! లోవ కాకపోతే ఎవర్రా?"

"ఫోన్‌కి అన్నీ తెలుసని మీరే అన్నారుగా!"

టీచరు నాలుక కరుచుకుంది. లోవ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గుండు తడుముకుంటూ, "మరి నేనెవర్నండీ?" అని అడిగింది.

ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే పలకలేదు. మధ్యాహ్నం కంచంలో గుడ్డు పెడితే "అది లోవదండి" అని పక్కకి నెట్టేసింది. వెంకటరత్నానికి భయం పట్టుకుంది. సాయంత్రం వాళ్లమ్మ వచ్చి పిలిచినా పలక్కపోతే?

పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుంది. "ఫోన్లో లేకపోతే మనిషి లేనట్టేనా? చెప్పండర్రా."

ఫిన్నీ చెయ్యెత్తాడు. "మా పాత ఇల్లు నాన్న ఫోన్లో ఉందండి. బయట లేదు, సముద్రం పట్టుకుపోయింది. లోవేమో బయట ఉంది, ఫోన్లో లేదు."

హమ్మయ్య, దారిలో పడ్డాడనుకుంది టీచరు.

"బయట ఉన్నవాటిని సముద్రం పట్టుకుపోద్దా?" అంది లోవ. "నన్ను కూడానా?"

ఆవిడ పిల్లని ఒళ్లోకి లాక్కుంది. "లేదమ్మా, లేదు! నేనే అబద్ధం చెప్పాను. ఫోన్‌కేం తెలుసు నీ గురించి? పచ్చసొన ఫిన్నీకి పెట్టేస్తావని తెలుసా? ఉరిమితే నా కొంగులో దూరతావని తెలుసా?"

లోవ ఆవిడ ముఖంలోకి చూసింది. "మరి రోజూ ఎవరొచ్చారో దాన్నే అడుగుతారేంటండీ?"

టీచరు పాటేదో ఎత్తుకోబోయి మధ్యలోనే ఆపేసింది. ఇరవై రెండేళ్ల నోరు!

అప్పుడే ఫోన్ మోగింది. సూపర్‌వైజరు. "లోవలక్ష్మి హాజరు ఖాళీగా ఉందేంటండీ? రాలేదని కొట్టేయండి, లిస్టు పైకి పంపాలి." ఆ గొంతు పిల్లలందరికీ వినబడింది. లోవ టీచరు వైపే చూస్తోంది.

"రాలేదని ఎలా కొట్టనండి? పిల్ల నా ఒళ్లో ఉంది."

"యాప్ ఒప్పుకోదుగా! రేపు మెమో వస్తే నన్నడక్కండి."

"రానివ్వండి మేడం." అనైతే అనేసింది. ఈ వయసులో ఉద్యోగం పోతే ఏం చేస్తుంది? ఫోన్ బోర్లా పెట్టింది.

"రేపట్నుంచి ముందు నిన్నే అడుగుతానే," అంది. "లోవలక్ష్మి వచ్చిందా?"

లోవ ఫోన్ వైపు చూసింది, గుడ్డు వైపు చూసింది. మెల్లగా కంచం దగ్గరికి లాక్కుని, పచ్చసొన తీసి ఫిన్నీ చేతిలో పెట్టింది.

"వచ్చానండి," అంది, నోటినిండా గుడ్డుతో.