మా అత్త ఎక్కనన్న బండి

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను కూరెకుప్పలో ఒక హోటలు ముందు బియ్యం బస్తాలు దింపుతున్నాను. ఫోను చేసింది నా భార్య. "అత్త లేదు, బిన్నా రా, జాగు చేయొద్దు" అంది, అంతే. కంప్లి దగ్గరి మా ఎమ్మిగనూరులో తన ఇంటి ముందర కూర్చుని టీ తాగిందట. ఎదలో పట్టేసినట్టుందని గోడకు ఆనుకుందట. పక్కింటామె నీళ్ళు తెచ్చేలోపల అంతా అయిపోయింది. నేను మిగిలిన నాలుగు బస్తాలూ దింపి, అప్పుడు బండి తిప్పాను. అక్కడే వదిలేసి ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. చేతులకు ఇంకో పని తోచక కాబోలు.

మీకెవరికీ ఆమె తెలిసి ఉండదు. మిరప కోతల కాలంలో సిరుగుప్ప రోడ్డు మీద పికప్ బండ్ల తొట్టిలో ఒకరినొకరు పట్టుకుని నిలబడి పోయే ఆడవాళ్ళను చూసే ఉంటారు. అలాంటి ఒక గుంపుకు ఆమె మేస్త్రి. పాతికేళ్ళు అలా తొట్టిలోనే తిరిగింది. స్టీరింగు ఒక్కసారి కూడా పట్టుకోలేదు. కానీ పాత డీజిల్ బండి మంచిచెడ్డలు ఆమెకు తెలిసినట్టు మా తట్టు మెకానిక్కులకు కూడా తెలియవు. "ముందర కూకున్నోనికి రోడ్డు కనపడతాది. ఎనకాల కూకున్నోళ్ళకు పొగ కనపడతాది, కింద ఇనుము ఇనపడతాది" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఆమెకు ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తల్లితోపాటే కోతలకు పోయేది. కెంచనగుడ్డ దగ్గర ఏటి వైపు దిగే వాలులో వాళ్ళెక్కిన పికప్ పల్టీ కొట్టి పొలంలో పడింది. పది మందికి దెబ్బలు తగిలాయి. ఆ పిల్ల ఒక్కతే పోయింది. ఆ తర్వాత మా అత్త ఏ బండీ ఊరికే ఎక్కలేదు. చుట్టూ తిరిగి చూసేది, వంగి కిందకు చూసేది, నచ్చకపోతే తన గుంపును ఎక్కనిచ్చేది కాదు. డ్రైవర్లు ఆమెను తిట్టని రోజు లేదు. బిడ్డ పోయాక మనసు చెదిరిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

ఐదేళ్ళ కిందట నాకు పని పోయింది. తోరణగల్లు వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర లారీ తోలేవాణ్ణి. ఆయన లారీలు అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ళు పట్టేసి పనికి పోలేని భార్య. రెండు నెలలు ఎక్కని గడప లేదు. చివరికి ఒక మిరప వ్యాపారి, సొంత పికప్ ఉంటే ఈ కోతలన్నీ నీకే ఇస్తాను, సోమవారం లోపల బండితో రా అన్నాడు. ఆ మాట విని నా భార్య తన పుట్టింటివాళ్ళు ఇచ్చిన చేను ముక్క అమ్మమంది. అమ్మేశాం. కొన్న బండి నడవకపోతే ఇంక అమ్మడానికి మా దగ్గర ఏమీ లేదు.

నేను పిలవకముందే అత్త వచ్చింది. "నేనూ వస్తా అల్లుడా. బండికి రంగు చూసి మోసపోతావు నువ్వు" అంది.

ఐదు రోజులు తిరిగాం. మొదటి బండి దగ్గర ఆమె చేసిన పని చూసి ఆ యజమాని ముఖం వాడిపోయింది. తాళంచెవి పెట్టకముందే పోయి బోనెట్ మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉంది. "మేం వస్తామని పొద్దున్నే లేపి పెట్టినాడు. చల్లగుంటే లేవదు ఇది" అని వెనక్కి తిరిగింది. రెండోది రైతు బండి, చేనుకు తప్ప ఎక్కడికీ పోలేదన్నారు. ఆమె తల పిన్ను తీసి వెనక లైటు సందులో గీకింది. ఎర్రటి దుమ్ము రాలింది. మా చేలల్లో ఉండేది నల్ల రేగడి. "ఇది గనుల్లో చాకిరీ చేసిన బండి. తట్టుకోలేనంత బరువు మోసింటాది" అంది. మూడోదానికి ఇంజను ఆడుతుండగా ఆయిల్ మూత తీయించింది. ఆ బొక్కలోంచి గుప్పుగుప్పున పొగ తన్నుకొచ్చింది. లోపల రింగులు అరిగిపోయాయని మెకానిక్కు తర్వాత చెప్పాడు. అత్త అక్కడే చెప్పింది: "దీనికి ఆయాసం అల్లుడా. ముసలోళ్ళకు వచ్చినట్లు." నాలుగోదానికి ముందు చక్రాలు లోపలి వైపే అరిగి ఉన్నాయి, ఎక్కడో గుద్దుకుని ఇరుసు వంగిందంది.

ఐదోది శనివారం మధ్యాహ్నం బళ్ళారి యార్డులో చూశాం. తెల్లటి బండి, కొత్త సీట్లు, కొత్త టైర్లు. చల్లగా ఉన్నా ఒక్క తిప్పుకే లేచింది. పొగ లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్త చెంగు బిగించి, నేల మీద పడుకుని బండి కిందకు దూరింది. యార్డు మనుషులు చూసి నవ్వుతున్నారు. బయటికొచ్చి బ్రోకర్ని అడిగింది.

"ఎడం పక్క చక్రం పైన జానెడు మేర కొత్త నలుపు ఎందుకు కొట్టినారప్పా? మిగతాదంతా తుప్పు ఉండాది గదా?"

"తుప్పు పట్టకుండా కొట్టినామవ్వా. ఏక్‌దమ్ కండీషన్ బండి ఇది."

"ఐతే ఇరవై మూటలు ఏసి ఒగ చుట్టు తిప్పు."

"బండి కొనకముందే లోడు ఎవురేస్తారు? నిమగె బేకాదరె తగొళ్ళి, కావాలంటే తీసుకోండి, లేదంటే వదిలేయండి."

అత్త నా వైపు తిరిగింది. "వద్దల్లుడా. ఉత్త బండి అబద్ధం చెప్తాది. బరువేస్తేనే నిజం చెప్తాది. బండికి ఎముక ఛాసీనే, అది ఇరిగింటాది ఆడ."

సోమవారానికి ఒక్క రోజే ఉంది. నాకు కళ్ళ ముందు నా పిల్లలు, అమ్మిన చేను, వ్యాపారి ముఖం, అన్నీ తిరిగాయి. ఆ యార్డులో అంత మంది ముందర అరిచాను. "నీ బిడ్డ పోయిందని లోకంలో బండ్లన్నీ చెడిపోవు అత్తా!"

ఆమె చెయ్యి బండి పలక మీద ఉంది. మెల్లగా తీసేసింది. పుట్టినప్పటి నుంచీ నన్ను అల్లుడా అనే పిలిచిన మనిషి, పరాయివాణ్ణి పిలిచినట్టు "నీ ఇష్టమప్పా" అంది. చీరకు అంటిన మట్టి దులుపుకుని బస్టాండు వైపు నడిచిపోయింది. నేను పిలవలేదు. బండి కొన్నాను.

మూడు రోజులు బాగానే నడిచింది. రెండో రోజే ఒక చప్పుడు విన్నాను. లోడుతో గుంతలో దిగినప్పుడు టక్ అని, పైకి ఎక్కినప్పుడు కిర్రుమని. రేడియో పెట్టుకున్నాను.

నాలుగో రోజు పొద్దున వ్యాపారి నన్ను కూలివాళ్ళను కూడా చేనుకు చేర్చమన్నాడు. పోయి చూస్తే రోడ్డు పక్క నిలబడింది మా అత్త గుంపు. పద్నాలుగు మంది ఎక్కారు. అత్త ఎక్కలేదు. నా ముఖం చూడకుండానే, "ఆ గుంతలో ఒగసారి దించి ఎక్కించు" అంది. కోపంగా దించాను. టక్. ఎక్కించాను. కిర్ర్.

"దిగండే అందరూ" అంది అత్త.

"అత్తా, వ్యాపారి ఊరుకోడు. నా పని పోతాది!"

"దిగండి" అంది మళ్ళీ. అందరూ దిగారు. అంత దూరం చేనుకు ఆమె ముందు, వాళ్ళు వెనక, టిఫిన్లు పట్టుకుని నడిచిపోయారు. పని ఆలస్యమైందని ఆ సాయంత్రానికే వ్యాపారి వేరే బండి పెట్టుకున్నాడు.

ఇంటి ముందర బండి కింద పడుకుని మేకుతో నలుపు గీకాను. జానెడు పగులు. పాత వెల్డింగు విడిపోయి వేలిగోరు దూరేంత సందు. బ్రోకరు ఫోనులో, "గేటు దాటినాక నాకు సంబంధం లేదప్పా" అని పెట్టేశాడు. నేను చేసింది మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది. మరునాడు కంప్లికి పోయి ఒక నల్ల రంగు డబ్బా, బ్రష్షు కొనుక్కొచ్చాను. ఆంధ్రా తట్టు ఎవరికైనా అమ్మేద్దామనుకున్నాను. మూత తీసి బండి కిందకు దూరబోతుంటే అత్త వచ్చింది. ఎవరు చెప్పారో తెలియదు. డబ్బా చూసింది. తిట్టలేదు. గడప మీద కూర్చుంది.

"ముందు ఆ రంగు పూసినోనికీ పెండ్లాం పిల్లోళ్ళు ఉండే ఉంటారు అల్లుడా" అంది.

నేను డబ్బాకు మూత పెట్టేశాను. అప్పుడు చెప్పింది ఆమె.

"మా పాప పోయిన బండిలో ఆ చప్పుడు మూడు దినాలు ముందే ఇన్యా నేను. టక్, కిర్ర్. అచ్చం ఇట్లనే. డ్రైవర్‌కు చెప్తే ఆ దినం కూలి పోతాది. అందరూ నన్ను తిడ్తారు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకున్యా. మూడు దినాలు నోరు మూసుకున్యా."

ఇది ఆమె అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. ఊరంతా పిచ్చి అనుకున్నది పిచ్చి కాదు, ఆ మూడు రోజుల మౌనం. యార్డులో నేను అన్న మాట ఎక్కడ పోయి గుచ్చుకుందో అప్పుడు తెలిసింది. "అత్తా, ఆ పొద్దు నేను..." అన్నాను.

"రేపు కోతకు ఇద్దరు తక్కువ ఉండారు. వస్తావా?" అంది ఆమె, లేస్తూ.

పగులు సంగతి చెప్పే, బండిని పార్టులు అమ్ముకునేవాడికి ఇచ్చాం. ఇంజను మంచిది కాబట్టి సగం చేతికొచ్చింది. ఆ కోతలన్నీ నేను పద్నాలుగు మంది ఆడవాళ్ళ మధ్య మిరపకాయలు కోశాను. వాళ్ళు రెండు సాళ్ళు ముగించేసరికి నాది ఒకటి కూడా అయ్యేది కాదు. వేళ్ళు మండి అన్నం కలుపుకోలేకపోయేవాణ్ణి. అత్త తన సాలు ముగించుకుని మాట్లాడకుండా నా సాలులోకి ఎదురు వచ్చేది. ఇద్దరం మధ్యలో కలిసేవాళ్ళం. ఆ నెలల్లో ఒక్కసారి కూడా ఆమె "నేను చెప్పలేదా" అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

కోతలు అయ్యాక ఒక పాలవాడి బండి చూశాం. వెలిసిపోయిన పచ్చ రంగు, సొట్టపడిన తలుపు, కిందకు దిగని అద్దం. ఎవరూ కొనక ఏడాదిగా అమ్మకానికి ఉంది. అత్త తెల్లవారుతుండగానే పోయి బోనెట్ మీద చెయ్యి పెట్టింది, మంచులా ఉంది. కాసేపు దగ్గి లేచింది, కానీ లేచింది. ఆ రోజు కలుపు పనిలో సగం కూలి వదులుకుని గుంపంతా వచ్చింది, బరువు కోసం. నేను కాలువ గట్టు ఎక్కించి దించాను. తొట్టి నిండా ఆడవాళ్ళు. ఎప్పుడూ ఆగని మాటలు ఆగిపోయాయి. అందరూ తలలు వంచి కింద ఇనుము వింటున్నారు. బండి ఆగాక అత్త దిగి వచ్చి చెప్పింది.

"క్లచ్ ఇంగో ఏడాదికి పోతాది. ఏపిచ్చుకోవచ్చు. నీళ్ళ పైపు ఒగటి ఊరతాది, మార్చుకో. ఎముక గట్టిగుండాది. తీసుకో."

క్లచ్ పదకొండో నెలలో పోయింది. ఎముక ఇప్పటికీ గట్టిగానే ఉంది. నా పిల్లలు చదువుతున్నది ఆ బండి మీదే.

కానీ దానికిప్పుడు వయసైంది. ఈ మధ్య ఎత్తు ఎక్కితే నీలి పొగ వస్తోంది, ఇంజను ఆయిల్ తాగుతోంది. వచ్చే కోతల లోపల మార్చాలి. నిన్న బళ్ళారి పోయాను. యార్డులో వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య రెండు గంటలు తిరిగాను. బోనెట్లు ముట్టుకున్నాను, కిందకు దూరి చూశాను. ఆమె చెప్పినవన్నీ గుర్తున్నాయి. అయినా ఒక్కదాన్ని కూడా తీసుకోలేకపోయాను. ప్రతిదాంట్లో ఏదో దాచారనిపిస్తుంది. నాకు తెలిసింది చాలదనిపిస్తుంది. వద్దు అని గట్టిగా చెప్పే మనిషి పక్కన లేకపోతే, అవును అని నాకు నేను ఎలా చెప్పుకోవాలో తెలియడం లేదు. మంచి సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారేమో. మనం తిట్టినా, మన పని చెడగొట్టి మనల్ని కాపాడేవాళ్ళు దొరకరు. ఆ యార్డులో అన్న మాటకు నేను క్షమాపణ అడగలేదు. ఐదేళ్ళు ఉంది నాకు. రేపు అడుగుదాం, రేపు అడుగుదాం అనుకుంటూ పోయాను.

అత్త పోయినప్పుడు ఆమెను మట్టికి తీసుకుపోవడానికి ఊళ్ళో వాళ్ళు వేరే బండి మాట్లాడారు. గుంపు ఆడవాళ్ళు ఒప్పుకోలేదు, నా బండే తెమ్మన్నారు. పూలు పరిచి తొట్టిలో పడుకోబెట్టాం. ఆమె కూతురి పక్కనే చోటు చూశారు. అంత దూరమూ నేను మొదటి గేరు దాటించలేదు.

మరునాడే ఎమ్మిగనూరు నుంచి వడ్ల లోడు ఉంది. పోకపోతే ఆ పనీ పోతుంది. చీపురు తీసుకుని తొట్టిలోకి ఎక్కాను కానీ ఊడ్వలేకపోయాను. బంతి రేకులు, బొరుగులు ఇనుప మడతల్లో ఇరుక్కుని ఉన్నాయి. అలాగే బండి తీశాను. ఊరు దాటి వరి మళ్ళ మధ్య రోడ్డు మీదకు వచ్చేసరికి గాలి అందుకుంది. పక్క అద్దంలో చూస్తే రేకులు ఒకటొకటిగా లేచి వెనక రోడ్డు మీద పడుతున్నాయి. వేగం తగ్గించాను. ఇంకా తగ్గించాను. వెనక లారీవాడు హారను కొడుతూనే ఉన్నాడు.