మా వసారాలో ఆగిన సిలువ

రెండు రోజులుగా మా వీధిలో పచ్చి సరుగుడు వాసన. గుడ్ ఫ్రైడేకి సిలువ చేద్దామని సంఘం కుర్రాళ్ళు కొట్టుకొచ్చిన మాను నిన్నటిదాకా చర్చి గోడకు ఆనించి ఉంది. మా తీరంలో సరుగుడు తోపులకు కొదవలేదు. ఏడాది పొడవునా లారీలు ఆ కర్రను మోసుకుపోతూనే ఉంటాయి. అయినా బెరడు ఒలిచిన ఈ వాసన తగిలితే నాకు ఎస్తేరమ్మగారే గుర్తొస్తారు. ఆవిడ పోయి మూడేళ్ళవుతోంది. ఒళ్ళు హూనమైన రోజున ఆవిడ వచ్చి నన్ను నాలుగు తిట్టిపోతే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎస్తేరమ్మగారు నెల్లూరులో నర్సుగా చేసి, రిటైరయ్యాక మా పక్కింట్లో ఉండేవారు. మా ఆయన దానియేలు రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేసేవారు. ఒక ఉదయం పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. చెవులు మాత్రం బాగానే వినిపించేవి. ప్రార్థన చేయడానికి వచ్చినవాళ్ళంతా మంచం పక్కనే నిలబడి, ఆయనతో కాక నాతో మాట్లాడేవారు. "ఇది నీ సిలువమ్మా, ఓర్చుకోని మొయ్యాల" అనేవారు. మా వాళ్ళలో కష్టమొచ్చిన ప్రతి ఇంట్లోనూ అనే మాటే అది. పాపం, ఓదార్పుగానే అనేవారు. ఆయన్ని పక్కకు తిప్పడం, బట్టలు మార్చడం, ముద్ద పెట్టడం తప్ప మరో లోకం లేని నాకు, ఎవరో ఒకరు నా బరువు చూశారు కదా అనిపించేది.

ఎస్తేరమ్మగారి తీరు వేరు. గడప దాటగానే నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి, "ఏం దానియేలూ, ఎట్టుండావు?" అని అడిగి, ఆయన కళ్ళతో జవాబు చెప్పేదాకా ఆగేవారు. ఆ తర్వాతే నా వైపు తిరిగేవారు.

"నువ్వు పోయి పడుకో. నీ మొహం చూస్తే నాకే నిద్దరొస్తా ఉంది."

"పరవాలేదమ్మా."

"ఏంది పరవాలేదు? నువ్వు కూడా పడితే ఇద్దరికీ గంజి కాచి పొయ్యలేను తల్లీ. నాకసలే మోకాళ్ళ నొప్పులు."

ఆ వేసవిలో మా ఆయన తినడం మానేశారు. ముద్ద పెడితే పెదవులు బిగించేవారు. గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టరు. మనిషి రోజురోజుకీ కరిగిపోతుంటే, ఇక దక్కరేమోనని నాకు భయం పట్టుకుంది.

అంతలో గుడ్ ఫ్రైడే వచ్చింది. మా ఊళ్ళో ఆ రోజు సిలువను భుజాన వేసుకుని చర్చి నుంచి సముద్రం ఒడ్డుదాకా నడుస్తారు. దారిలో రోగులున్న ఇళ్ళ ముందు ఆగి ప్రార్థన చేస్తారు. ఆ ఏడు మా ఇంటి ముందూ ఆగారు. వసారాలో మంచం మీద మా ఆయన ఉన్నారు. సంఘపెద్ద ఆ పచ్చి మానును చూపించి, "ఈ అమ్మ మోసే సిలువ ముందర ఇదేం బరువు!" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. మా ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

"ఎవర్నయ్యా సిలువ అంటుండావు?" అన్నారు జనంలోంచి ఎస్తేరమ్మగారు. "ఆ మంచం మీదుండేది మనిషి. ఆయనకి చెవులుండాయి. అందుకే గదా కూడు మానేసినాడు, ఈ పిల్లకి బరువు తగ్గిద్దామని!"

నేను వెళ్ళి ఆయన పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాను.

"అది కాదమ్మా, ఎవరి సిలువ వాళ్ళు ఎత్తుకోమని ప్రభువే చెప్పినాడు గదా" అని సంఘపెద్ద నసిగాడు.

"ఎత్తుకోమన్నాడు. పక్కనుండే మనిషికి ఆ పేరు పెట్టమన్లేదు. రోగం రోగమే. మేకులు కొట్టినాక ప్రభువు మాత్రం చెయ్యి కదిలించగలిగినాడా? నోరెండిపోతే ఎవురో ఒకరు తడపాల్సొచ్చింది. మంచాన పడ్డమంటే ఏందో ఆయనకి తెలుసయ్యా. ఇట్టాంటోళ్ళ పక్కన ఉండేదానికే ఆయన ఆ మాను ఎక్కింది."

ఆవిడ సిలువను మంచం దగ్గరికి తెప్పించి, మా ఆయన ఎడమ చేతిని దాని మీద పెట్టారు. తర్వాత గ్లాసు పట్టుకుని, "నీళ్ళు తాగుతావా దానియేలూ?" అని అడిగారు. చాలాసేపటికి ఆయన నోరు తెరిచారు. ఆ సాయంత్రం గంజి కూడా తాగారు. అరచేతికి అంటిన మాను జిగురు కడగబోతే పిడికిలి మూసేసుకున్నారు.

ఆ తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. ఆయనకు నాలుగు మాటలు తిరిగొచ్చాయి, నాకు నడుం నొప్పి మిగిలింది. అలసట అలాగే ఉంది. కాకపోతే దాన్ని అలసట అనే అంటున్నాను. రోగులున్న ఇంటికి వెళ్తే ముందు మంచం మీదున్నవాళ్ళనే పలకరిస్తాను.

ఈ మధ్యాహ్నం సిలువ మళ్ళీ మా వసారా ముందు ఆగింది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు, చిన్నవయసువాడు, జాలిగా నా వైపు తిరిగి, "అమ్మా, మీరు మోస్తున్న ఈ సిలువ..." అని మొదలుపెట్టారు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఎడమ చెయ్యి చాచి, కూడబలుక్కుంటూ అన్నారు.

"నా పేరు... దానియేలు."

పాస్టరుగారు ఆయన వైపు తిరిగారు. వంగి, ఆ చెయ్యి అందుకున్నారు.

"ఎట్టుండారు దానియేలన్నా?"

వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి, నేను లోపలికి వెళ్ళి పడుకున్నాను.