క్లచ్ ప్లేటు మీద ఎర్ర చుక్క

నా చిన్నప్పుడు పుంగనూరులో మా తాతయ్యను మించిన అనుమానపు మనిషి లేరు. పాలవాడు వస్తే చెంబులో వేలు ముంచి చూసేవారు. బాడుగకు తిప్పే మా పాత కారుకు క్లచ్ అరిగిపోయినప్పుడు, మదనపల్లె మెకానిక్కులు కొత్త ప్లేటు దాచుకుని పాతదే బిగిస్తారని ఎవరో ఆయన చెవిలో ఊదారు. ఇక ఆయన మనసు మనసులో లేదు.

మదనపల్లెలో కొత్త ప్లేటు తానే కొని నా చేతికిచ్చారు. "ఎవురికీ తెలీకుండా ఏదన్నా గుర్తు పెట్టు పాపా," అన్నారు. నాకు తొమ్మిదేళ్లు. అంత పని నాకు అప్పగించినందుకు పొంగిపోయాను. పొద్దున గోళ్లకు వేసుకున్న రంగు సీసా గౌను జేబులోనే ఉంది. ప్లేటు మీది నల్లటి పట్టీపై చిక్కగా ఎర్ర చుక్క పెట్టాను. ఆరేదాకా కూడా ఆగలేదు.

మెకానిక్ పని చేసినంతసేపూ మేమిద్దరం అతని చేతులనే చూస్తూ కూర్చున్నాం. అతను నీళ్లు తాగడానికి లేచినా తాతయ్య వెంట లేచేవారు. తీరా బిగించాక కారు షెడ్డు కూడా దాటలేదు. పెడల్ అడుగంటా తొక్కినా గేరు పడక గరగరమంది.

"పాత ప్లేటే యేసినావు కదప్పా," అన్నారు తాతయ్య, షెడ్డులోని డ్రైవర్లందరూ వినేలా. వాళ్లు మెకానిక్ వైపు అదోలా చూశారు. ఆ డ్రైవర్లు రాకపోతే అతనికి పనే లేదు. అయినా అతను వాదించలేదు. "ఇప్పి సూపిస్తా పెద్దాయనా. ఈడనే కూసోండి," అని మళ్లీ కారు కిందికి దూరాడు.

రెండు గంటలకు ప్లేటు బయటికి వచ్చింది. నా చుక్క ఉంది. కాకపోతే అది నలిగి, పక్కనున్న ఇనుప చక్రానికి అంటుకుని, ప్లేటును విడిపోనివ్వకుండా పట్టేసింది. అతను ఆ ఎరుపును చూశాడు, తర్వాత నా వేళ్లను చూశాడు. నేను గుప్పిళ్లు మూసుకున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తిడతాడనుకున్నాను. అతను గరుకు కాగితంతో రంగంతా రుద్దేసి, ప్లేటు మధ్యలోని ఇనుప భాగం చూపించి, నా చేతికి ఒక మేకు ఇచ్చాడు. "గుర్తు పెట్టాలంటే ఈడ గీయమ్మా. ఈడయితే రాపిడి తగలదు. యాల భయపడతావు," అన్నాడు.

తాతయ్య లేచి ఆ డ్రైవర్ల దగ్గరికి వెళ్లి, "ప్లేటు మాదే. తప్పు గూడా మాదే," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

ఆయన అనుమానం నాకూ వచ్చింది, దాచడమెందుకు. ఈ వయసులోనూ కూరగాయలు కొంటే నా కళ్లు త్రాసు మీదే ఉంటాయి. అయితే ఒకరిని మాట అనబోయే ముందు మాత్రం ఒక్కసారి నా వేళ్లు చూసుకుంటాను, ఎర్రగా ఏమైనా అంటిందేమోనని.