మావయ్య ‘ఊఁ’కి నా బొటనవేలు

ఇల్లంతటికీ ఒక్కటే టచ్ ఫోను ఉండి, అది ఎవరి చేతిలో ఉంటే మిగతా వాళ్ళంతా వాళ్ళ చుట్టూ మూగే కాలం ఒకటి ఉండేది. మరీ తాతలనాటి సంగతి అనుకోకండి, మొన్నమొన్నటిదే. కాని ఇప్పుడు మా ఇంట్లో తలా ఒక ఫోను వచ్చి, తలా ఒక గోడవైపు తిరిగి కూర్చుంటున్నాక అది ఏ యుగమో అనిపిస్తోంది. అప్పటికి నేను కొత్త కోడల్ని. శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో ఏడో తరగతి దాకా చదివి (చదివాను అనడం మర్యాదకి, బడిలో కూర్చున్నాను అంటే సరిపోతుంది), కోటబొమ్మాళికి ఆటో దూరంలో ఉన్న ఈ ఊరికి కాపురానికి వచ్చాను. ముందు గది కిరాణా కొట్టు, వెనక గదులు ఇల్లు. వచ్చేటప్పుడు మా అన్న కొనిచ్చిన ఫోను నా వెంట వచ్చింది. అత్తవారింట నాకున్న హోదా అంతా ఆ ఫోనుదే.

మా మావయ్య కొట్టు నడిపే పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరు ఏమన్నా ఆయన ‘ఊఁ’ అంటాడు. కొట్టు ముందు ఒక చెక్కబల్ల ఉంది. పొద్దున్నే పాలకి వచ్చినవాళ్ళు, పొలానికి వెళ్ళేవాళ్ళు దానిమీద కాసేపు కూర్చుని మాట్లాడుకుని, లేచేటప్పుడు ఏదో ఒకటి కొనుక్కుని వెళతారు. ఒకాయన ఈ ఏడు వానలు బాగుంటాయి అంటాడు, మావయ్య ఊఁ అంటాడు. పక్కాయన చినుకు పడదు రాసిపెట్టుకో అంటాడు, దానికీ ఊఁ. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఉండబట్టలేక, “మావయ్యా, ఇద్దరిదీ ఎలా నిజమవుతుంది?” అని అడిగాను. ఆయన పొట్లం కడుతూ, “నిజమని ఎవడన్నాడమ్మా. కొట్టుకొచ్చి మాటాడినోడికి ఊఁ కొట్టకపోతే ఆడు రేపు మరి రాడు. అంతే,” అన్నాడు. నా చదువంతటికంటే ఇదే పెద్ద చదువు అనిపించి గట్టిగా గుర్తు పెట్టుకున్నాను. తర్వాత జరిగినదంతా అలా గట్టిగా గుర్తు పెట్టుకోవడం వల్లే.

ఆ ఏడు సర్పంచి ఎన్నికలు వచ్చాయి. ఒకాయన గుర్తు ఉంగరం, ఇంకొకాయన గుర్తు కత్తెర. అసలు పేర్లు ఊళ్ళో అందరూ మరిచిపోయారు, ఇప్పటికీ వాళ్ళు ఉంగరమాయన, కత్తెరాయనే. ఒకరు మావయ్యకి బావ వరస, ఒకరు కొడుకు వరస. ఇద్దరిళ్ళకీ సరుకులు మా కొట్టునుంచే. టెంటుహౌసులో మైకులు కట్టే కుర్రాడు ఒకడు ఉండేవాడు, మా ఆయనకి తమ్ముడి వరస, వాణ్ణి మైకు మరిది అందాం. వాడు రోజూ సాయంత్రం పంచాయతీ ఆఫీసు మెట్ల మీద ఫోను ఒక కర్రకి కట్టి, ‘మన ఊరి మొనగాడెవరు’ అని లైవు పెట్టేవాడు. ఊళ్ళో వాళ్ళు దాని ముందు నిలబడి మాట్లాడేవాళ్ళు. హైదరాబాదులో, చెన్నైలో పనులకి వెళ్ళిన మా ఊరివాళ్ళు అక్కడినుంచి కింద రాతలు రాసేవాళ్ళు. మూడు వీధుల ఊరు ఒక్కసారిగా మూడు రాష్ట్రాలయింది.

మావయ్య రాజకీయం మాట్లాడడు, ఎవరినీ అడగడు. కాని లైవు సంగతి విన్న దగ్గర్నుంచి ఆయనకి నిలకడ లేదు. “జనం మాట తెలిస్తే ఎవుల దగ్గర ఏ మాట ఎత్తకూడదో తెలుస్తాది,” అని ఒక కారణం కనిపెట్టుకున్నాడు. అలా నా ఫోను కొట్టులోకి వెళ్ళింది. బెల్లం దిమ్మకి ఆనించి నిలబెట్టేవాళ్ళం. కోడలి ఫోను మావగారు ముట్టుకోవడం బాగుండదని మా అత్త తీర్మానం. ఆయనకి ఆ సన్న అక్షరాలు ఆనవు. అందుచేత నేను చదవాలి, ఆయన వినాలి, మా అత్త మా ఇద్దరి మధ్య చింతపండు పిక్కలు తీస్తూ కూర్చోవాలి.

చదవడమంటే అంత తేలిక కాదు. లైవులో రాతలు వంశధారకి వరద వచ్చినట్టు వస్తాయి. నేను ‘మె’ దగ్గర మొదలుపెట్టి ‘మెజారిటీ’ దాకా వచ్చేసరికి, ఆ మాట రాసినవాడు పైకి వెళ్ళిపోయి వాడి వెనక ఇంకో పదిమంది నిలబడేవాళ్ళు. అయినా వదిలేదాన్ని కాదు. “మావయ్యా, ఎవరో ఉంగరం ఖాయం అంటున్నారు.” “ఊఁ.” “ఎవరో కత్తెరకి తిరుగులేదు అంటున్నారు.” “ఊఁ.” రెండు రోజులు అలా సాగాక నాకు ఒక బెంగ పట్టుకుంది. మావయ్య ఇంత మర్యాదగా ఊఁ కొడుతున్నాడు గదా, చెన్నైలో ఉన్నవాడికి అది ఎలా వినిపిస్తుంది? కొట్టాయన మాట్లాడలేదు అనుకోడూ? మా ఆయన్ని అడిగితే, ఆయన నిద్రమత్తులో, “రాత కింద బొటనవేలు బొమ్మ ఉంటాది, నొక్కితే ఆడికి ఎల్తాది,” అని అటు తిరిగి పడుకున్నాడు. ఇక నాకు దారి దొరికింది. మావయ్య ఊఁ అనగానే నేను వేలు నొక్కేదాన్ని. ఎంతమంది రాస్తే అంతమందికి. ఎవరినీ చిన్నబుచ్చలేదు. (ఆ ఫోనులో ఖాతా మా ఆయనే తెరిచాడు, కొట్టు పేరుతో, కొట్టు బోర్డు ఫోటోతో. ఎప్పుడైనా వ్యాపారానికి పనికొస్తుందని ఆయన ముందుచూపు.)

ఒక సాయంత్రం చెన్నైనుంచి ఎవరో ఇలా రాశారు: ‘కత్తెరాయన గెలిస్తే వీధిలైట్లన్నీ వాళ్ళ పశువులసాలలోనే వెలుగుతాయి.’ కూడబలుక్కుని చదివాను. మావయ్య ఊఁ అన్నాడు. నొక్కాను.

మర్నాడు పొద్దున్న బల్ల సగమే నిండింది. కత్తెరాయన వైపు వాళ్ళు ఒక్కరూ రాలేదు. కాసేపటికి కత్తెరాయన భార్య సంచి పట్టుకుని మా ముందునుంచే ఎదురు కొట్టుకి వెళుతోంది. అది కొత్తగా పెట్టిన కొట్టు, అప్పటిదాకా అందులో ఈగలే బేరాలు చేసేవి. మా అత్త గుమ్మంలోకి వెళ్ళి, “ఏటమ్మా, ఇటు సూడకుండా ఎల్లిపోతన్నావు?” అంది. ఆవిడ ఆగకుండానే, “మా సాలలో లైట్లు ఎక్కువైపోనాయి కదత్తా. కళ్ళకి ఏటీ ఆనడం నేదు,” అంది.

మధ్యాహ్నానికి సంగతి బయటపడింది. మా ఆయన తల పట్టుకుని, “నాన్నా, నువ్వు ఊఁ అంటే ఇన్నాను అని. ఈ వేలు నొక్కితే నువ్వు సెప్పింది నిజమే అని. ఊరంతటికీ మన బోర్డు కనిపిస్తాది,” అన్నాడు. మా అత్త నా వైపు చూసి, “మీ మావ బుర్ర ఊపితే ఊపేడు, నీ ఏలు ఊరుకోదేటే,” అంది. నేను ఆ వేలిని చీరచెంగులో దాచుకున్నాను.

మావయ్య ఆ పూటంతా ఆలోచించాడు. ఆయన ఏ చిక్కు వచ్చినా తక్కెడ దగ్గరే తేల్చుకుంటాడు. సాయంత్రం నన్ను పిలిచి, “తూకం ఓ పక్కకి ఒరిగిపోతే ఏటి సేస్తామమ్మా? రెండో పక్క ఏస్తాం. ఉంగరం మీద ఎవుడేనా మాటన్నాడేమో సూడు,” అన్నాడు. వెతికాను. ‘ఉంగరమాయన ఇచ్చే మాట కూడా గిల్టే’ అని ఒకడు రాశాడు. చదివి వినిపిస్తే మావయ్య కళ్ళు మూసుకుని, అరచెయ్యి పైకీ కిందకీ ఆడించి, “అది సాలదు. సాల మాటకి ఇది తూగదు. ఇంకోటి సూడు,” అన్నాడు. ఇంకోటి దొరికింది, కాస్త బరువైనదే. ఇక్కడ రాయను, ఉంగరమాయన తల్లి ఇంకా మా కొట్టుకే వస్తుంది. రెండూ కలిపి నొక్కాను. మావయ్య తృప్తిగా, “ఇప్పుడు సరిపోనాది,” అన్నాడు.

సరిపోయింది. మర్నాటికి బల్లకి రెండో సగం కూడా ఖాళీ అయింది.

ఆ తర్వాత రోజుల్లో బల్లమీద వీధికుక్క ఒకటి వచ్చి పడుకునేది. మావయ్య దానికి ఊఁ కొట్టాడని నేను అనను గాని, అది ఆవలించినప్పుడు మాత్రం అలవాటుకొద్దీ తల ఊపాడు. ఉల్లిపాయలు మొలకలేశాయి. ఎదురు కొట్టువాడు రెండో బల్ల చేయించాడు. మా ఊళ్ళో కోపాలు ఎన్నికలతో పోవు, పెళ్ళిళ్ళదాకా, దినాలదాకా వెళతాయి. ఒకసారి ఎదురు కొట్టులో సరుకు అలవాటైతే మరి ఇటు తిరగరు. తన తండ్రి పెట్టిన కొట్టు తన చేతిలో మూతపడుతుందని మావయ్యకి తెలుసు. పైకి అనలేదు. అసలు ఏమీ అనలేదు, అదే భయం. “అన్నం పెట్టమంటారా?” అని అడిగితే ఆయన నోట ఊఁ రాలేదు. మా అత్త కందిపప్పు కడుగుతూ, “ఆ ఫోను మీ అన్నకి పంపిచ్చీ,” అంది నాతో.

ప్రచారం ఆఖరి సాయంత్రం మైకు మరిది తన కర్ర, ఫోను తీసుకుని నేరుగా మా కొట్టుకే వచ్చాడు. వాడి వెనక ఉంగరం వాళ్ళు ఒక పక్క, కత్తెర వాళ్ళు ఒక పక్క. అన్నాళ్ళూ రాని జనమంతా ఒక్కసారే వచ్చారు, సరుకులకి మాత్రం కాదు. వాడు కర్ర పాతి, ఫోను మావయ్య ముఖం మీదకి తిప్పి, “పెదనాన్నా, ఈరోజు లైవు నీ కొట్టు దగ్గిర్నుండే. దుబాయి నుండి కూడా సూస్తన్నారు. ఓ మాట సెప్పీ, నీ వేలు ఎటు?” అన్నాడు.

మావయ్య తక్కెడ వెనక్కి జరిగి, “ఆ ఏలు నాది కాదు బాబూ. మా కోడలిది,” అన్నాడు.

ఆయన మంచివాడే. భయంలో అలా వచ్చేసింది. కర్ర నా వైపు తిరిగింది. నేను తలుపు వెనక ఉన్నాను. మా అత్త నన్ను వెనక్కి లాగుతుందనుకున్నాను, ముందుకి తోసింది. “సెప్పవే, నొక్కినప్పుడు లేని సిగ్గు ఇప్పుడేటి,” అంది.

“మావయ్య ఊఁ అన్నారు, నేను నొక్కాను,” అన్నాను.

“ఉంగరానికీ కత్తెరకీ ఇద్దరికీనా వదినా? అదేటి నాయం?” అన్నాడు మైకు మరిది.

“ఇద్దరికే కాదు,” అన్నాను. ఇక ఆపుకోలేకపోయాను. నేను చదివినవి తక్కువ, అందుకని చదివినవన్నీ గుర్తున్నాయి. వరసగా చెప్పడం మొదలుపెట్టాను. హైదరాబాదునుంచి ఒకాయన ‘సౌండు రావడం లేదు’ అని రాశాడు, నొక్కాను. ఒకమ్మాయి ‘ఫోను కాస్త కుడివైపు తిప్పండి, మా నాన్న కనిపించడం లేదు’ అంది, నొక్కాను. ఒకాయన లైవు మధ్యలో మేకలు అమ్ముతామని రాశాడు, దానికీ నొక్కాను. “మొదటి వారంలో ఒకరు, ఈ కొట్టులో కందిపప్పు కొంటే రాళ్ళలో పప్పు ఏరుకోవాలి అని రాశారు. మావయ్య ఊఁ అన్నారు. దానికీ నొక్కాను.”

మైకు మరిది తన పాత లైవులు తీసి, వేలితో కిందకీ పైకీ లాగి, ఒకచోట ఆగాడు. ఫోను ఉంగరమాయనకి చూపించాడు. ఆయన చూసి కత్తెరాయనకి ఇచ్చాడు. ఆ ఎన్నికల్లో వాళ్ళిద్దరూ ఒకరి చేతినుంచి ఒకరు అందుకున్న వస్తువు అదొక్కటే. పప్పులో రాళ్ళన్న రాత కింద ఒకే ఒక్క బొటనవేలు ఉంది. పక్కనే మా కొట్టు బోర్డు.

కత్తెరాయన భార్య సంచి చంకలో పెట్టుకుని ముందుకి వచ్చింది. “మావా, నీ పప్పులో రాళ్ళున్నాయని రాస్తే అది నిజమేనని ఏలేయించావా?”

మావయ్య తక్కెడ పళ్ళెం తుడిచి పెట్టాడు. “నిజమని కాదమ్మా. కొట్టుకొచ్చి సెప్పినట్టే కదా. ఇన్నాను అన్నాను,” అన్నాడు.

ఉంగరమాయన ముందు నవ్వాడో కత్తెరాయన ముందు నవ్వాడో ఊళ్ళో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. ఆవిడ మాత్రం నవ్వలేదు. సంచి తీసి బల్లమీద పరిచి, “కిలో కందిపప్పు కట్టు. మా సాలలో లైట్లున్నాయి, ఏరుకుంటాం,” అంది. వెనకనుంచి ఉంగరమాయన తల్లి, “నాకూ ఓ కిలో. నాది ముందు కట్టు, నాను పెద్దదాన్ని,” అంది. మావయ్య ఒక ఊఁ ఆవిడకి, ఒక ఊఁ ఈవిడకి అన్నాడు. వారం రోజుల తర్వాత ఆ శబ్దం విని మా అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. పప్పు దుమ్ము అంది అడిగితే.

ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారని మీరు అడుగుతారు. చెప్పను. ఇద్దరూ మా కొట్టుకి వస్తారు.

ఇప్పుడు గల్లా దగ్గర కూర్చునేది నేనే. ఇప్పుడు నాకు చదవడం బాగా వచ్చింది, వచ్చి ఏం లాభమో తెలియదు. మొన్న పెద్ద ఎన్నికలప్పుడు ఒక మధ్యాహ్నం బేరాలు లేక ఏదో లైవు చూస్తున్నాను. వేలమంది తిట్టుకుంటున్నారు. నా వేలు జారుతూనే ఉంది, ఒక్కటీ సగం కూడా చదవడం లేదు. ఆ తిట్ల మధ్యలో ఎవరో ‘అందరూ భోజనాలు చేశారా?’ అని రాశారు. దాన్నీ దాటేశాను. రెండు చిటికెల తర్వాత మనసులో ఏదో కలుక్కుమని వెనక్కి వెళ్ళి వెతికాను. అప్పటికే ఎక్కడికో పైకి వెళ్ళిపోయింది, ఎంత లాగినా దొరకలేదు. ‘మె’ దగ్గర మొదలుపెట్టి కూడబలుక్కుని చదివే ఆ కొత్తకోడలయితే దాన్ని వదిలేది కాదు గదా అనుకున్నాను.

“తిన్నాం నాయనా, నువ్వు తిన్నావా?” అన్నాను ఫోనుతో, పైకే.

లోపల గదిలో మంచంమీద పడుకున్న మావయ్య ఎవరో కొట్టుకి వచ్చారనుకుని, కళ్ళు తెరవకుండానే, ఊఁ అన్నాడు.