కోడలి బొమ్మలకి నా వేలిముద్ర

నేను గిలకలదిండిలో చేపలమ్ముకునేదాన్ని. అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే నా కోడలు టైపు చేస్తోంది. తను అద్దకం చీరలకి కంప్యూటర్లో బొమ్మలు గీస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ చదువుకునేవాళ్లకి చవకంట. తన డిగ్రీ ఎప్పుడో అయిపోయింది కదా, అందుకని నన్ను పెద్దవాళ్ల చదువు క్లాసులో చేర్చి, నా పేరున తీసుకుంది.

ఇవాళ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు నేను చదువుకుంటున్నట్టు మా టీచరుగారి ఉత్తరం కావాలన్నారు. పంపకపోతే సాఫ్ట్‌వేర్ ఆగిపోతుందంట. కోడలు సగం గీసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. టీచరుగారు ఉత్తరం రాసి వేలిముద్ర వెయ్యమన్నారు. ఏం రాశారో చదవమన్నాను.

"ఇది మీరొక్కరే వాడతారని రాశాను, మామ్మగారూ."



"నేను వాడేది కత్తిపీటండీ! కోడలు వాడుతుందని రాయండి, అప్పుడు వేస్తాను."

"అలా రాస్తే ఆపేస్తారేమోనండీ."

"వేలు నాదండీ. రేపు పోలీసులొస్తే మీరెళ్తారా?"

రాశారు, వేశాను, పంపేశారు. అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, కంపెనీవాళ్లేమోనని ఉలిక్కిపడుతున్నాను. కోడలు నన్ను ఒక్క మాటా అనలేదు. ఇది టైపు చేస్తూనే మధ్యమధ్యలో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందో లేదో చూసుకుంటోంది.

మీరైతే ఏం చేసేవాళ్లో చెప్పండి. తిట్టాలనుంటే నన్ను తిట్టండి. నాకు చదివి వినిపించేది తనే కాబట్టి కాస్త మెల్లగా తిట్టండి.