మధ్యాహ్నం మాత్ర

డిపోలో అందరూ ఆయన్ని మెత్తబ్రేకు మామ అనేవాళ్ళు. ఆయన బస్సు ఆపితే నిలబడ్డవాళ్ళ చేతి గ్లాసులో నీళ్ళు కూడా తొణకవని కండక్టర్లు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. రిటైరయ్యేదాకా, సర్వీసు మొత్తంలో ఆయన పగలు కునుకు తీయలేదు. పగటి నిద్ర అలవాటైతే అది స్టీరింగు దగ్గరికీ వస్తుందని భయం.

ఆ భయం ఆయనకంటే భార్యకి ఎక్కువ. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజు క్యారేజీ పట్టుకుని డిపో గేటు దగ్గరికి వచ్చేది. వెంటనే ఇచ్చేది కాదు. "ఏదీ, ఇటు చూడండి," అని ముందు ఆయన కళ్ళలోకి చూసేది. ఒకసారి కళ్ళు ఎర్రగా ఉన్నాయని నేరుగా కంట్రోలరు గదికి వెళ్ళి, "ఈ పూట ఈయనకి బండి ఇవ్వకండి," అనేసింది. డిపో అంతా నవ్వింది. "ఏం మామా, ఇవాళ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చిందా?" అని చాలాకాలం ఆటపట్టించారు. ఆయనకి తల కొట్టేసినట్టయి, ఆమెతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆమె పోయాక కళ్ళలోకి చూసేవాళ్ళు లేరు. కలలోకైనా రాలేదు. "మీ అమ్మకి నా మీద కోపం తగ్గినట్టు లేదే," అని నవ్వుతూ కూతురితో అనేవాడు. కూతురిది పక్క వీధి. సాయంత్రం పని నుంచి వస్తూ రోజూ చూసి వెళ్ళేది.

అరికాళ్ళ మంటలకి ఒక డాక్టరు రాత్రిపూట మాత్ర రాశాడు. తర్వాత నడుము పట్టేస్తే ఇంకో డాక్టరు, మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకోమని ఒకటి రాస్తూ, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాడు.

"ఏవో మామూలువే," అన్నాడు మామ. అది కాళ్ళకి, ఇది నడుముకి. ఆ రూటు వేరు, ఈ రూటు వేరు అనుకున్నాడు.

మధ్యాహ్నం మాత్ర మొదలుపెట్టిన కొద్దిరోజులకే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఆ నిద్రలో డిపో గేటు కనిపించింది. గేటు పక్కన ఆమె, చేతిలో క్యారేజీ.

అప్పట్నుంచీ భోజనం గబగబా ముగించి మాత్ర వేసుకునేవాడు. ఆమె వచ్చేది. క్యారేజీ గట్టు మీద పెట్టి, రోడ్డు వైపు చూస్తూ నిలబడేది. ఇటు చూడు అందామంటే ఆయనకి నోరు పెగిలేది కాదు. రేపు చూస్తుందిలే అనుకుంటూ, తూలుతూ లేచేవాడు.

ఒక రోజు అలా లేచి బాత్‌రూము గడప దగ్గర పడ్డాడు. మోచేయి చెక్కుకుపోయింది. సాయంత్రం కూతురు అది చూసి, ఇంట్లో మాత్రలన్నీ సంచిలో వేసి, ఆయన్ని వెంటబెట్టుకుని మందుల షాపుకి వెళ్ళింది. షాపాయన రెండు షీట్లు పక్కపక్కన పెట్టి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివాడు.

"పేర్లే వేరు బాబాయ్, మందు ఒకటే. రెట్టింపు పడుతోంది. మగత రాక ఏమవుతుంది?"

"అంటే ఒకే బండికి రెండు బోర్డులు కట్టారన్నమాట."

"నీ జోకులు తర్వాత నాన్నా. తల పగిలుంటే?" అంది కూతురు. అక్కణ్ణుంచే డాక్టరుకి ఫోన్ చేసింది. మధ్యాహ్నంది ఆపేసి, రాత్రిది అలాగే ఉంచమన్నాడు. ఆ మధ్యాహ్నం షీటు కూతురు తీసుకెళ్ళిపోయింది. విప్పనిది ఇంకోటి బీరువాలో, ఖాకీ చొక్కా జేబులో ఉందని ఆయన చెప్పలేదు.

మర్నాడు భోజనం అయ్యాక దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క మాత్ర. ఒక్కసారి ఆమె ఇటు తిరిగితే చాలు. రేకు మీద బొటనవేలు ఆనించాడు.

తిరిగితే ఏం చూస్తుంది? మగతతో బరువెక్కిన కళ్ళు. క్యారేజీ గట్టు మీదే వదిలేసి కంట్రోలరు గదికి నడుస్తుంది. ఆమె సంగతి ఆయనకి తెలియంది కాదు.

సాయంత్రం కూతురు రాగానే షీటు చేతిలో పెట్టాడు.

"ఇదెక్కడిది?"

"జేబులో ఉండిపోయిందమ్మా."

కూతురు షీటు అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలో వేసుకుంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మళ్ళీ పొడుగయ్యాయి. భోజనం చేసి, మొహం కడుక్కుని, కుర్చీ గుమ్మం వైపు తిప్పుకుని కూర్చుంటాడు. నిద్ర రాదు. వీధి చివర బస్సు ఆగిన చప్పుడు వినిపిస్తుంది. ఎవరో బ్రేకు మరీ మోటుగా తొక్కుతున్నారు. ఆయన కళ్ళలో ఎరుపు లేదు, మగత లేదు. ఇప్పుడొస్తే క్యారేజీ ఇచ్చేస్తుంది.