మామ, మీది గది, మూడు మిషన్లు

మా మేనమామ పోయాడని భూపాలపల్లి నుంచి అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. కొంతకాలంగా ఆయాసం వస్తోంది, డాక్టరుకు చూపించుకొమ్మని అందరం మొత్తుకున్నాం. "ఏ దవాఖాన మంచిదో జర నలుగుర్ని అడగాలె గద" అన్నాడు. అడగడం పూర్తికాకముందే పోయాడు. ఆయనతో వేగడం ఎంత కష్టమో చెప్పకుండా ఆయనను తలచుకోవడం నాకు చేతకాదు.

మామది బొగ్గుబాయిలో పని. తెలంగాణ కోసం బాయిలన్నీ సమ్మెలోకి దిగినప్పుడు జనగామలో మా ఇంటికి వచ్చాడు. అప్పుడు మేం మా బాపు కాలి గురించి బెంగతో ఉన్నాం. మా ఇంట్లో మేడ మీది గది నేల పాత టేకు పలకలది. పాలిష్ ఏనాడో పోయి, పలకలకు పేళ్లు లేచాయి. షుగర్ ఉన్న బాపు అరికాల్లో ఒక పేడు దిగి, పుండై, మానడానికి చాలా రోజులు పట్టింది. మళ్లీ గుచ్చుకుంటే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు హెచ్చరించాడు. కింది గదిలోకి రమ్మంటే బాపు రాడు. చెప్పులు వేసుకొమ్మంటే, "నా ఇంట్ల నేను చెప్పులేసుకొని తిరగాల్నా?" అని ఎగిరేవాడు.

"గీ నేల సంగతి నేను సూస్త బావా. మిషన్ వెట్టి అద్దం లెక్క చేస్త" అన్నాడు మామ.

"నువ్వా? ఇగ అయినట్టే" అన్నాడు బాపు.

ఇక నేలను అరగదీయడానికి ఏ మిషన్ అన్నది ఎంతకూ తేలదు. మామ పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుని, మధ్యాహ్నం కొత్త అభిప్రాయంతో ఇంటికి వచ్చేవాడు. నినాదాలు ఆగినప్పుడల్లా శిబిరమంతా మా నేల గురించే మాట్లాడుకునేదట. ఒక పంతులుగారు బిళ్ల తిరిగే గ్రైండరే మేలన్నాడట. బస్సు కండక్టరొకాయన ఉప్పుకాగితం పట్టీ తిరిగే బెల్టు మిషనే కావాలన్నాడట.

"మామా, రాష్ట్రమన్న జల్ది వస్తదేమో గని నీ మిషన్ రాదు" అన్నాను ఓపిక చచ్చి.

"రెండూ వస్తయ్ బిడ్డా. తొందరపడితె ఎట్ల?"

మొదట కొడకండ్ల నుంచి గ్రైండరు తెచ్చాడు. గరుకు బిళ్ల బిగించి ఆనించగానే అది పలకల మీద చంద్రవంకల్లా గుంతలు చేసింది. "నున్నగ చేయమంటే గుంతలు తోడినవేందిరా తమ్మీ!" అని అమ్మ తల పట్టుకుంది. మామ తీరిగ్గా, "బీరువా అడ్డం వెడితె కనవడదక్కా" అన్నాడు.

తర్వాత బెల్టు మిషన్. బస్సులు నడవడం లేదు. మహబూబాబాద్ నుంచి ఎవరిదో బండి వెనక కూర్చుని, దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. లేచి ఉన్న మేకు తలకు తగిలి మొదటి బెల్టు చిరిగింది. మేకులన్నీ లోపలికి దిగ్గొట్టాక, నడుస్తున్న మిషన్ను ఒకేచోట నిలిపి నాతో ముచ్చట పెట్టాడు. అక్కడొక కాలువ పడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అయితే ఆ తర్వాత ఎక్కడా ఆగకుండా, పలక పొడవునే నడిపితే గది నడిమి భాగం బాగానే వచ్చింది. గోడల అంచుల దగ్గరికి మాత్రం ఆ పెద్ద మిషన్ పోదు. అందుకని అరచేతిలో ఇమిడే చిన్నది, సన్నగా అదురుతూ అరగదీసేది, ఇంకొకటి తెచ్చాడు.

"గిది ముందుగాల్నే తేవచ్చు గద మామా!"

"తెస్తె పెద్దది ఏడ పనికొస్తదో, ఏడ పనికిరాదో తెలుస్తుండెనా?"

అంచులు సగమయ్యేసరికి కరెంటు పోయింది. సమ్మెతో బొగ్గు ఆగింది, గంటల తరబడి కోత. "బొగ్గు మీరే ఆపితిరి, మిషనూ మీరే ఆపితిరి" అని నేను మండిపడ్డాను. మామ గర్వంగా నవ్వాడు. "సూసినవా మా దెబ్బ!" అని ఉప్పుకాగితం తీసుకుని చేత్తో రుద్దడానికి కూర్చున్నాడు. పొట్టు లోపలికి పోతుందని అమ్మ ముక్కుకు తడి తువ్వాల కడితే, మాట్లాడటానికి అడ్డమని దాన్ని కిందికి లాగేసేవాడు. "బాయిల బొగ్గు మింగినోన్ని, గీ పొట్టెంత?" ఆ ఆయాసం సంగతి తెలిశాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

చివరికి మామ, పేళ్లు ఇంకా మిగిలాయేమోనని, అమ్మ పాత చీర తెచ్చి నేలంతా ఈడ్చాడు. దారం పట్టుకున్న ప్రతిచోటా ఆగి, మళ్లీ రుద్దాడు. మాటలు మానేసి పనిచేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పాలిష్ ఆరాక బాపు ఉత్త కాళ్లతో తలుపు నుంచి కిటికీ దాకా నడిచాడు. మేమంతా ఆయన పాదాలనే చూస్తున్నాం. వెనక్కి వచ్చి, "గీ మూలకు ఇంక జర గరుకున్నది" అన్నాడు. మామ ఉప్పుకాగితం తీసుకుని ఆ మూలకు పోయి కూర్చున్నాడు. కాసేపటికి బాపు కూడా కాగితం ముక్క చించుకుని పక్కన కూర్చున్నాడు.

చాయ్ తీసుకుని నేను పైకి పోయేసరికి రుద్దుతున్న చప్పుడు లేదు. ఇద్దరూ చాప కూడా లేకుండా ఆ పలకల మీదే నిద్రపోతున్నారు. మామ కనుబొమల మీద సన్నటి టేకు పొడి. పక్కనే బాపు అరికాళ్లు ఎండలోకి చాపి ఉన్నాయి.